పాతిన కేబులును గుర్తుపట్టే క్లాంపు



పెన్‌గంగకు ఇవతలి ఒడ్డున ఉన్న మన ఊళ్ళలో భివండి పేరు తెలియని ఇల్లు అరుదు. కొడుకో, మేనల్లుడో, పక్కింటి అన్నో, అక్కడ సాంచాల మీద పనిచేసి వచ్చినవాడు ఒకడైనా ఉంటాడు. థానే జిల్లాలో, ముంబయికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో పద్మనగర్ అనే పేట ఉంది. అక్కడ సాయంత్రం పూట నడిస్తే మరాఠీ కన్నా, హిందీ కన్నా ముందు తెలుగే చెవిన పడుతుంది. చేతిమగ్గం మీద ఇల్లు గడవక తెలంగాణ జిల్లాలు వదిలిపోయిన పద్మశాలీలు నిలబెట్టుకున్న పేట అది.

సాంచాల గురించి, నేతగాళ్ళ కష్టసుఖాల గురించి మీరు చాలా ప్రసంగాలు వినే ఉంటారు. నేను మాట్లాడబోయేది ఆ సాంచాకు కరెంటు మోసుకొచ్చే కేబులు గురించి. అదీ పైన వేలాడే తీగ గురించి కాదు, మట్టి కింద కంటికి కనపడకుండా పడుకున్న కేబులు గురించి. ఆ ఊళ్ళో నేను కొన్నేళ్ళు కేబుల్ జాయింటరుగా పనిచేశాను.

భివండికి పోయిన తెలుగువాళ్ళందరూ నేతగాళ్ళు కారు. ఈ దేశంలో కేబులు కాలువ తవ్వే పని ఎక్కడ జరుగుతున్నా, అక్కడ ఒక పాలమూరు గుంపు కనిపిస్తుంది. మేస్త్రీ ముందుండి సుద్దతో గీత గీస్తాడు. వెనక పదిమంది గడ్డపార, పార, తట్ట పట్టుకుని గీత వెంబడి పోతారు. మట్టిలో ఏమున్నదో కాగితాల మీద ఇంజనీరుకు తెలుస్తుందేమో గాని, గడ్డపార మొనకు మొదట తెలిసేది వాళ్ళకే. అందుకని ఈ మాటలు వైరింగు పని నేర్చుకున్న కుర్రవాళ్ళకు ఎంతో, ఆ గుంపుల్లో పనిచేసే అన్నదమ్ములకూ అంతే.

ముందు భివండి నేల ఎలాంటిదో చెప్పాలి. ఒక్కో సాంచాకు ఇంచుమించు ఒక గుర్రపు శక్తి మోటారు ఉంటుంది. షెడ్డుకు 24 సాంచాలు అనుకోండి, గల్లీకి పది షెడ్లు అనుకోండి. ఆ గల్లీ కింద ఎంత కేబులు ఉండాలో మీరే ఊహించండి. 2007 జనవరిలో ఆ ఊరి కరెంటు పంపిణీని మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ ఫ్రాంచైజీ పద్ధతిలో టోరెంట్ పవర్‌కు అప్పగించింది. మన దేశంలో ఆ పద్ధతికి దారి తీసిన మొదటి ఊళ్ళలో భివండి పేరే చెబుతారు. పంపిణీ సంస్థల కేబుళ్ళు ఒక ఎత్తయితే, కాంపౌండు గోడ లోపల షెడ్ల యజమానులు సొంతంగా వేసుకున్నవి ఇంకో ఎత్తు. వీటి పక్కనే నీళ్ళ పైపులు, టెలిఫోను తీగలు, ఈమధ్య ఇంటర్నెట్ తీగలు. షెడ్డు చేతులు మారుతుంది, మీటరు గది మారుతుంది, పాత కేబులు మాత్రం మట్టిలోనే మిగిలిపోతుంది. దానిలో కరెంటు ఉందో లేదో ఎవరికీ గుర్తుండదు.

ఇలాంటి చోట కేబులును పట్టివ్వడానికి ఒక యంత్రం ఉంది. మా పనిలో దాన్ని రూట్ లొకేటరు అంటాం. రెండు పెట్టెలు. ఒకటి సిగ్నలు పంపే ట్రాన్స్‌మిటరు. రెండోది ఆ సిగ్నలును పైనుంచి వినే రిసీవరు. రిసీవరును చేతికర్రలా పట్టుకుని నేల మీద అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంటే, కేబులు మీదికి రాగానే శబ్దం పెరుగుతుంది, తెర మీద అంకె పెరుగుతుంది.

ట్రాన్స్‌మిటరు లేకుండా, ఒక్క రిసీవరుతోనే పని కానివ్వచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, నడుస్తున్న కేబులు చుట్టూ సెకనుకు 50 సార్లు మారే అయస్కాంత క్షేత్రం ఉంటుంది, రిసీవరు దాన్ని వినగలదు. కాని ఇందులో ఒక మోసం ఉంది. సాంచాలు ఆగి ఉన్నప్పుడు కేబులులో వోల్టేజి నిండుగా ఉన్నా, కరెంటు పారదు. కరెంటు పారకపోతే క్షేత్రం లేదు, క్షేత్రం లేకపోతే శబ్దం లేదు. శబ్దం లేదు కదా అని గడ్డపార దించినవాడి చేతికి తగిలేది నిండు వోల్టేజి. ఇంకో సంగతి, మూడు ఫేజుల తీగలూ ఒకే కేబులులో పురివేసి ఉంటాయి కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చంపేస్తుంది. నడుస్తున్న కేబులు కూడా మూగదిలా ఉండవచ్చు. రిసీవరు పలకకపోతే అక్కడ కేబులు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి.

అందుకే మనకు కావలసిన కేబులులోకి మనమే ఒక సిగ్నలు పంపాలి. దానికి మూడు దారులు. కేబులు ఆపేసి ట్రాన్స్‌మిటరు తీగను నేరుగా దానికి తగిలించడం ఒకటి. ట్రాన్స్‌మిటరును నేల మీద పెట్టి పైనుంచే సిగ్నలు చిమ్మడం ఇంకొకటి. మొదటిది మంచి పద్ధతి, కాని సప్లయి ఆపాలి. సాంచాలు ఆగితే ఆసామి ఒప్పుకోడు. రెండోది సులువు, కాని కింద ఉన్న ప్రతి తీగకూ, ప్రతి పైపుకూ సిగ్నలు అంటుకుంటుంది, ఏది మనదో తెలియదు. మూడో దారే ఈనాటి మన విషయం, సిగ్నల్ క్లాంపు.

ఎలక్ట్రీషియన్ అన్నలకు టాంగ్ టెస్టరు తెలుసు. దవడలు తెరిచి తీగ చుట్టూ వేస్తే, తీగను ముట్టుకోకుండానే అందులో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపిస్తుంది. సిగ్నల్ క్లాంపు చూడడానికి దాదాపు అలాగే ఉంటుంది. పని మాత్రం తలకిందులు. టాంగ్ టెస్టరు తీగలోని కరెంటును బయటికి చెబుతుంది. క్లాంపు బయటినుంచి తీగలోకి కరెంటు పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు పక్కలా తీగ చుట్టి, ఒక చుట్టలో కరెంటు మారితే రెండో చుట్టలో కరెంటు పుడుతుందని చూపించాడు. ఆ వలయాన్నే రెండు ముక్కలుగా కోసి, మడతబందు పెట్టి, పైన ప్లాస్టిక్ తొడిగితే మన క్లాంపు అయింది. మొదటి చుట్ట క్లాంపులో ఉంటుంది. మనం చుట్టూ వేసిన కేబులే రెండో చుట్ట, ఒకే ఒక చుట్టు.

వలయం అన్నాను గనుక, అది పూర్తిగా మూసుకోవాలి. దవడల అంచుల మధ్య చిటికెడు మట్టి ఇరుక్కున్నా, తుప్పు పట్టినా, కేబులు లావై దవడ కాస్త తెరుచుకుని ఉన్నా, సిగ్నలు సగానికి సగం పడిపోతుంది. వానాకాలం భివండిలో బురద అంటని పనిముట్టు ఉండదు. క్లాంపు వేసే ముందు గుడ్డపేలికతో అంచులు తుడిచి, వేశాక గట్టిగా కరిచిందో లేదో చూడడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. చుట్టలో వోల్టేజి పుట్టినంత మాత్రాన కరెంటు పారదు. పోయిన కరెంటు తిరిగి రావడానికి దారి ఉండాలి. కేబులు మీది ఇనుప కవచాన్ని, దాన్నే మేము ఆర్మరు అంటాం, రెండు కొనల దగ్గరా ఎర్తు చేసి ఉంటే సిగ్నలు ఈ కొన నుంచి ఆ కొనకు పోయి, నేల గుండా వెనక్కి వస్తుంది. చక్రం పూర్తవుతుంది. ఏ ఒక్క కొనలో ఎర్తు తీగ ఊడిపోయినా చక్రం తెగిపోతుంది, రిసీవరు మూగపోతుంది. చాలామంది అప్పుడు యంత్రం చెడిపోయిందనుకుంటారు. యంత్రం బాగానే ఉంది, ఆ షెడ్డు ఎర్తు బాగా లేదు. ఆ మాట ఆసామికి చెప్పి సరిచేయిస్తే ఎప్పుడో ఒకరోజు ఎవరి ప్రాణమో నిలుస్తుంది.

క్లాంపు వేసే చోటు కూడా ముఖ్యం. ప్యానెల్లోకి వచ్చిన కేబులు గ్లాండు దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి ఆర్మరుకు ఎర్తు తీగ పోతుంది. క్లాంపు ఆ గ్లాండుకు కింద, అంటే కేబులు నేలలోకి దిగే వైపున, ఒక్క ఆ కేబులు చుట్టూనే పడాలి. గది మొత్తానికి ఉన్న ఉమ్మడి ఎర్తు తీగ చేతికందింది కదా అని దాని చుట్టూ వేశారో, ఆ గదిలోకి వచ్చే కేబుళ్ళన్నిటికీ సిగ్నలు పంచిపెట్టినట్టే. లావైన ఒంటి కోరు కేబులులో ఎక్కువ కరెంటు పారుతుంటే, దానికి వేయగానే క్లాంపు చేతిలో జుమ్మని అదురుతుంది. బెదిరి చెయ్యి లాగితే పక్కన ఉన్న బస్‌బారుకు తగిలే ప్రమాదం ఉంది. కాబట్టి ప్యానెలు తలుపు తీసి క్లాంపు వేయడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. నాలుగు రోజులు చూసి నేర్చుకున్న కుర్రవాడి పని కాదు.

ఎంత వేగంతో మారే సిగ్నలు పంపాలి? చాలా యంత్రాల్లో క్లాంపుతో వాడడానికి సెకనుకు 8 వేల సార్లు మారేది, 33 వేల సార్లు మారేది ఉంటాయి. నేను మొదట 8 వేలతోనే మొదలుపెట్టేవాణ్ణి. వేగం తక్కువైతే సిగ్నలు ఉన్న కేబులులోనే బుద్ధిగా చాలా దూరం పోతుంది. వేగం పెరిగేకొద్దీ పక్క కేబుళ్ళ మీదికి దూకుతుంది. మరి 33 వేలు ఎందుకంటే, ఎర్తు బలహీనంగా ఉన్నా, పైపులో రబ్బరు అతుకు అడ్డం వచ్చినా అది దాటగలదు. కొందరు శబ్దం గట్టిగా వస్తుందని ఎప్పుడూ 33 వేల మీదే పెట్టుకుంటారు. నా అనుభవంలో పొరపాట్లలో సగం అక్కడే పుట్టాయి.

మిగతా సగం ఎక్కడ పుడతాయో ఒక సంఘటనతో చెబుతాను.

ఒక వానాకాలం. ఒకే కాంపౌండులో నాలుగు సాంచాల షెడ్లు. అన్నిటికీ ఒకే మీటరు గది నుంచి సొంత కేబుళ్ళు పోతాయి. అందులో మూసేసిన ఒక షెడ్డు కేబులును మధ్యలో కోసి, అతుకు వేసి, కొత్త షెడ్డుకు మళ్ళించాలి. కాంట్రాక్టరు తరఫున పోయినవాళ్ళం ముగ్గురం. ఒకరు పెద్ద జాయింటరు, నల్లగొండ వైపు మనిషి, ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ఆయన్ని మామ అనేవాళ్ళు. రెండోవాణ్ణి నేను. మూడోవాడు నారాయణపేట వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, ఇరవై ఏళ్ళు కూడా లేవు. తవ్వకానికి పాలమూరు గుంపు.

మామ ఏదో సామాను కోసం బజారుకు పోయాడు. నేను మీటరు గదిలో ఆ షెడ్డు కేబులుకు క్లాంపు వేసి, రిసీవరు పట్టుకుని నడిచాను. గోడ పక్కన ఒకచోట శబ్దం ఖంగుమంది. సుద్దతో గుర్తు పెట్టాను. గుంపు తవ్వింది. జానెడు లోతులోనే నల్లటి మూడున్నర కోరు కేబులు బయటపడింది. ఇంకా తవ్వితే కింద, ఒక మూర పక్కగా, అలాంటివే మరో రెండు. మూడూ ఒకే లావు, ఒకే నలుపు. గట్టిగా పలికింది పైదాని దగ్గర. కాబట్టి పైదే మనది అనుకున్నాను. కుర్రవాడు హ్యాక్‌సా తీసి గుంటలోకి దిగాడు.

అంతలో మామ వచ్చాడు. గుంటలోకి ఒకసారి చూసి, "ఆగు తమ్మీ, రంపం పైన పెట్టు" అన్నాడు. నాతో, "క్లాంపు తోని చూసినవా, చెవుల తోనే చూసినవా?" అన్నాడు. నేను చెవులతోనే చూశాను.

ఆయన రిసీవరుకు ఒక చిన్న క్లాంపు తగిలించాడు. పంపేదానికి ఒక క్లాంపు ఉన్నట్టే, వినేదానికి కూడా ఒకటి ఉంటుంది. దాన్ని గుంటలో మూడు కేబుళ్ళ చుట్టూ ఒక్కొక్కటిగా వేసి అంకెలు చూశాడు. పైదానికి 12. కింద ఎడమదానికి 9. కింద కుడిదానికి 38. అంతే కాదు, ఆ యంత్రంలో కరెంటు ఏ వైపు పోతుందో చూపే బాణం ఉంది. 38 ఉన్నదానిలో బాణం మీటరు గది నుంచి ముందుకు పోతోంది. మిగతా రెండింటిలో వెనక్కి తిరిగి ఉంది.

ఇందాక కరెంటు తిరిగి రావడానికి దారి కావాలన్నాను కదా. ఆ దారి ఉత్త మట్టి ఒక్కటే కాదు. నాలుగు షెడ్ల ఎర్తులూ మీటరు గదిలో ఒకే పట్టీకి కట్టి ఉన్నాయి. అవతల కొనల దగ్గర కూడా నేల ద్వారా ఒకదానికొకటి అందుతున్నాయి. మన కేబులులో 38 పాళ్ళు పోతే, అందులో 12 పై కేబులు కవచం గుండా, 9 పక్క కేబులు గుండా, మిగతావి మట్టిలో నుంచి, మిగతా దారుల నుంచి ఇంటికి తిరిగొస్తున్నాయి. అందుకే బాణాలు ఎదురు.

మరి 12 ఉన్నది ఎక్కువగా ఎందుకు పలికింది? అది దగ్గరగా ఉంది గనుక. కేబులు నుంచి దూరం పెరిగేకొద్దీ సిగ్నలు తగ్గుతుంది. రెట్టింపు దూరానికి సగం అనుకోండి. పై కేబులు 20 సెంటీమీటర్ల లోతున ఉంది, 12ను 20తో భాగిస్తే 0.6. మన కేబులు 90 సెంటీమీటర్ల లోతున ఉంది, 38ని 90తో భాగిస్తే 0.42. ఇది లెక్క సులువు కోసం చెబుతున్నది, నేలలో ఇంకొన్ని చిక్కులుంటాయి. కాని నా చెవిని మోసం చేసింది ఈ లెక్కే. గట్టిగా పలికింది కదా అని అరచేతి లోతున ఉన్న పరాయి కేబులును నా కేబులు అనుకున్నాను. అసలు ఆ కేబులు అంత పైన ఉండకూడదు. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 1255 ప్రకారం 1100 వోల్టుల లోపు కేబులుకు కనీసం 75 సెంటీమీటర్ల లోతు ఉండాలి, 11 వేల వోల్టులకు 90 సెంటీమీటర్లు. కింద ఇసుక, పైన ఇటుకలు పరచాలి. అక్కడ ఇసుకా లేదు, ఇటుకా లేదు. ఎవరో తొందరలో వేసి, మట్టి కప్పి పోయారు.

మామ అంతటితో ఆగలేదు. నన్ను పక్క షెడ్డు ప్యానెలుకు పంపి, ట్రాన్స్‌మిటరు క్లాంపు అక్కడి కేబులుకు వేయించాడు. గుంటలో ఈసారి పైదానికి అంకె లేచింది. అది పక్క షెడ్డుది. అప్పుడు ఆ షెడ్డులో సాంచాలన్నీ నడుస్తున్నాయి, గుంటలో నిలబడి వింటే ఆ టకటక వినిపిస్తూనే ఉంది. 415 వోల్టులు నడుస్తున్న కేబులులో హ్యాక్‌సా దిగితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. రంపం రెండు ఫేజులను కలిపిన క్షణంలో లోహం ఆవిరై నిప్పు గుంటలోంచి ముఖం మీదికి లేస్తుంది. చేతులు, ముఖం, కళ్ళు పోతాయి. ఆ కుర్రవాడు గుంట గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"టాంగ్ టెస్టరు వేసి చూస్తే కరెంటు ఉందో లేదో తెలిసేది కదా" అని మీలో ఎలక్ట్రీషియన్లు అనుకోవచ్చు. తెలియదు. మూడు ఫేజులు, న్యూట్రలు కలిసి ఉన్న కేబులు మొత్తం చుట్టూ టాంగ్ వేస్తే, పోయేదీ వచ్చేదీ కొట్టేసుకుని సున్నాకు దగ్గరగానే చూపుతుంది. టాంగ్ సున్నా చూపింది కదా అని రంపం పెట్టినవాళ్ళ కథలు నేను ఒకటి కన్నా ఎక్కువే విన్నాను.

కేబులు గుర్తుపట్టాక కూడా దాన్ని కోయడానికి క్లాంపు అనుమతి ఇవ్వదు. క్లాంపు చెప్పేది ఏది మన కేబులు అన్నది ఒక్కటే. అందులో కరెంటు లేదని అది చెప్పదు. రెండు కొనలా స్విచ్చి తీసి, తాళం వేసి, తాళంచెవి కోసేవాడి జేబులో ఉండాలి. కొనల దగ్గర టెస్టరుతో చూసి, ఎర్తు చేయాలి. ఆ తర్వాత కోసే చోట, దూరంగా నిలబడి, స్పైకింగ్ గన్ను అనే పనిముట్టుతో కేబులులోకి ఇనుప మేకు దించాలి. దానిలో ఇంకా కరెంటు ఉంటే పేలేది మేకు దగ్గర, మనిషి దగ్గర కాదు. మామ ఆరోజు గన్ను తెప్పించడానికి మధ్యాహ్నం దాకా ఆపాడు. కాంట్రాక్టరు మనిషి విసుక్కున్నాడు. మామ బీడీ ముట్టించుకుని గోడ నీడన కూర్చున్నాడు.

నేల పైనుంచే లోతు తెలుసుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది, తెర మీద లోతు చూపని చిన్న యంత్రాలున్నవాళ్ళకు పనికొస్తుంది. రిసీవరును శబ్దం తగ్గే పద్ధతిలో పెట్టుకుని కేబులు నెత్తిన గీత గీయాలి. తర్వాత రిసీవరును 45 డిగ్రీలు వాల్చి, గీతకు అడ్డంగా పక్కకు జరుగుతూ పోవాలి. శబ్దం మళ్ళీ ఎక్కడ తగ్గిపోతుందో, అక్కణ్ణుంచి గీతకు ఎంత దూరమో, కేబులు అంత లోతున ఉందని అర్థం. రెండో వైపు కూడా ఇలాగే చేయాలి. రెండు వైపులా దూరాలు సమానంగా వస్తే నమ్మవచ్చు. ఒకవైపు రెండడుగులు, ఇంకోవైపు మూడున్నర వస్తే, పక్కన ఇంకేదో కేబులు సిగ్నలును లాగుతోందన్నమాట. నా గుర్తు దగ్గర నేను ఈ పరీక్ష చేసి ఉంటే, ఆ గుంట తవ్వకముందే అనుమానం వచ్చేది.

పైపుల సంగతికి వస్తే, ఇనుప నీళ్ళ పైపుకు కూడా క్లాంపు వేయవచ్చు. ఇళ్ళకు పోయే అరంగుళం, అంగుళం జి.ఐ. పైపుకు బాగా పనిచేస్తుంది. సాధారణంగా దొరికే క్లాంపులు నాలుగంగుళాల దాకా పడతాయి. అంతకు మించి అయితే నేరుగా తీగ తగిలించాల్సిందే. ముంబయికి నీళ్ళు మోసే పెద్ద పైపులు భివండి తాలూకా గుండా పోతాయి. మనిషి లేచి నడవగలిగినంత లావు, వాటికి క్లాంపు మాటే లేదు. పాత పోతఇనుప పైపుల్లో సీసం పోసిన అతుకుల గుండా సిగ్నలు పోతుంది. రబ్బరు వలయం పెట్టిన అతుకుల దగ్గర ఆగిపోతుంది. ఇంటి ముందు జి.ఐ. పైపు, మధ్యలో మరమ్మతు చేసినవాడు అతికిన ప్లాస్టిక్ ముక్క, తర్వాత మళ్ళీ జి.ఐ., ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. సిగ్నలు ప్లాస్టిక్ దగ్గర చచ్చిపోతుంది. పైపు అక్కడ అయిపోయిందని అనుకోకూడదు.

మన వైపు ఇది ఇంకా గుర్తుపెట్టుకోవాలి. మిషన్ భగీరథ కింద ఊళ్ళలోపల వేసిన పైపుల్లో హెచ్.డి.పి.ఇ. అనే నల్ల ప్లాస్టిక్ రకం చాలా ఉంది. దానికి ఏ క్లాంపూ పలకదు. పైపుతోపాటు ఒక రాగి తీగ పాతి ఉంటే ఆ తీగకు సిగ్నలు ఇవ్వవచ్చు. లేదంటే పైపులోకి సిగ్నలు పంపే చిన్న గొట్టాన్ని తోసి పైనుంచి వెదకాలి. ఇంటర్నెట్ తీగ కూడా అంతే. గాజుపోగులో కరెంటు పారదు. చుట్టూ ఇనుప కవచం ఉండి, దానికి ఎర్తు ఉంటేనే క్లాంపు పనిచేస్తుంది. బోరు మోటారు కేబులు మాత్రం మీ పొలంలోనే సులువుగా చూసుకోవచ్చు, స్టార్టరు పెట్టె దగ్గర ఒక కొన, బోరు దగ్గర ఒక కొన, రెండూ మన చేతిలోనివే.

2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం కాల్ బిఫోర్ యు డిగ్ అనే మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. తవ్వబోయేవాడు చోటు చెబితే, అక్కడ కేబుళ్ళు, పైపులు ఉన్న సంస్థలకు కబురు పోతుంది. మంచి ఏర్పాటు. మేస్త్రీలు దాన్ని వాడమని కాంట్రాక్టరును అడగాలి. కాని కాంపౌండు గోడ లోపల ఆసామి వేసుకున్న కేబులు, అరచేతి లోతున ఎవరో కప్పిపోయిన కేబులు ఏ సంస్థ లెక్కలోనూ ఉండవు. అక్కడ గుంపు మేస్త్రీ అడగవలసినవి వేరే. క్లాంపు ఎక్కడ వేశారు? రెండో కొన నుంచి కూడా వేసి చూశారా? గుర్తు మీద గడ్డపారతో కాకుండా పారతో, మెల్లగా ఒక చిన్న గుంట ముందు తీయనిస్తారా? అడిగితే పనిపోతుందని భయపడేవాళ్ళుంటారు. ఆ భయం నాకు తెలుసు. అయినా అడగమనే చెబుతాను. అడిగిన మేస్త్రీని పంపేసిన కాంట్రాక్టరు దగ్గర పని చేయకపోవడమే నయం.

ఆరోజు సాయంత్రానికి మేకు దించాం. ఏమీ పేలలేదు. అప్పుడు కోశాం, అతుకు వేశాం. గుంట పూడ్చే ముందు మామ ఒక పాత నూనె డబ్బా మూత కత్తిరించి మూడు బిళ్ళలు చేయించాడు. ఒక్కోదాని మీద మేకుతో షెడ్డు నంబరు పొడిపించాడు, తెలుగులో ఒక వరస, హిందీలో ఒక వరస. మూడు కేబుళ్ళకూ తీగతో కట్టించాడు. పై కేబులు చుట్టూ ఇసుక పోయించి, ఆసామి దగ్గర అడిగి తెచ్చిన ఇటుకలు పరిపించాడు. బిళ్ళలు కట్టింది ఆ నారాయణపేట కుర్రవాడే. వంచిన తల ఎత్తకుండా, ఒక్కో ముడి రెండుసార్లు బిగించి కట్టాడు.